కొల్లూరు వజ్రం ఉన్న మ్యూజియంలో ఒక పూట

ప్రశ్న: జులైలో వాషింగ్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాం. ఎనిమిదేళ్ల మనవడికి అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం చూపించాలని ఉంది. కొన్ని వస్తువులు చేత్తో పట్టుకుని చూడొచ్చట కదా! టికెట్ ముందే తీసుకోవాలా? మావారికి మోకాళ్ల నొప్పులు. ఒక్క పూటలో ఏమేం చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: స్మిత్సోనియన్ వారి ఈ మ్యూజియానికి టికెట్ లేదండీ. డిసెంబర్ 25 తప్ప రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5.30 దాకా తెరిచి ఉంటుంది. పదికల్లా చేరుకోండి, ఆలస్యమైతే బ్యాగుల తనిఖీ కోసం ఎండలో వరుసలో నిలబడాలి. నేషనల్ మాల్ అనే పచ్చిక మైదానం వైపు మెట్లున్నాయి కాబట్టి కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ ద్వారం నుంచి రండి. చక్రాల కుర్చీ ఉచితంగానే ఇస్తారు, ముందు అడిగినవారికి ముందు.

ఆ ద్వారం గ్రౌండ్ ఫ్లోర్‌లోకి తెరుచుకుంటుంది. గడ్డి కూరి నిలబెట్టినట్టుండే పెద్ద ఏనుగు, డైనోసార్లు ఒకటో అంతస్తులో, రత్నాలు, పురుగులు రెండో అంతస్తులో ఉంటాయి. జనం ఏనుగు దగ్గరే గుమిగూడతారు. మీరు లిఫ్టులో తిన్నగా రెండో అంతస్తుకు వెళ్లి, రద్దీ పెరగకముందే హోప్ వజ్రం చూసేయండి. 45.52 క్యారెట్ల నీలి వజ్రం. అందులో లేశమాత్రంగా ఉన్న బోరాన్ అనే మూలకం వల్లే ఆ నీలం. అతినీలలోహిత కాంతి పడేసి దీపం ఆర్పితే కొన్ని క్షణాలు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. ఇది కొల్లూరు గనిదని చెబుతారు. మీ తెనాలి దగ్గరి కొల్లూరు కాదు, కృష్ణ ఒడ్డున పులిచింతల జలాశయంలో మునిగిపోయిన కొల్లూరు. మనవడికి ఈ సంగతి అక్కడే నిలబెట్టి చెప్పండి.

తర్వాత అదే అంతస్తులో కీటకాల గది. వాలంటీర్లు బతికున్న పురుగును అరచేతిలో పెట్టుకుని చూపిస్తుంటే పిల్లలు వేలితో తాకొచ్చు. టరాంటులా సాలీడుకు మేత ఎప్పుడు పెడతారో కనుక్కోండి. బయటకు రాగానే చేతులు కడిగించండి.

ఒకటో అంతస్తులో మూడు కొమ్ముల డైనోసార్ ట్రైసెరాటాప్స్ తల మీద నోరు పెట్టి నిలబడ్డ టీ రెక్స్ అనే మాంసాహార డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఈ శిలాజాల హాలును 2019లో కొత్తగా తెరిచారు. తాకొచ్చని రాసి ఉన్నవే తాకమని ముందే చెప్పండి. ఒక్క చేయి వల్ల ఏమీ కాదు గానీ, రోజూ వేలమంది చేతుల చెమట, జిడ్డు అంటుకుంటే ఎముక పాడవుతుంది. పక్కనే మానవ పరిణామం హాలులో ఒక యంత్రం మన ముఖాన్ని ఆదిమానవుడి ముఖంగా మార్చి చూపిస్తుంది. పిల్లవాణ్ని అక్కణ్నుంచి కదిలించడం కష్టమే.

మీరడిగిన చేత్తో పట్టుకుని చూసే చోటు గ్రౌండ్ ఫ్లోర్‌లోని 'క్యూరియస్'. ఎముకలు, రాళ్లు, గవ్వలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టుకోవచ్చు. అయితే ఇది రోజంతా తెరిచి ఉండదు. లోపలికి రాగానే వేళలు అడిగి, దాన్నిబట్టి మిగతావి ముందూ వెనకా సర్దుకోండి.