పీరియడ్ మధ్యలో రెండు నిమిషాలు కదిలితే పాఠం వెనకబడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి. తొమ్మిదో తరగతిలో 52 మంది పిల్లలున్నారు. మధ్యాహ్న భోజనం తరువాతి పీరియడ్‌లో సగం మందికి కళ్లు మూతలు పడుతుంటాయి. మెడ నొప్పి, నడుము నొప్పి అనేవాళ్లూ ఉన్నారు. నెల రోజులుగా పీరియడ్ మధ్యలో రెండు నిమిషాలు అందరినీ లేపి కదిలిస్తున్నాను. సిలబస్ వెనకబడుతుందని, పక్క తరగతికి గోలగా ఉంటుందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. నేను చేస్తున్నదానికి వైద్యపరంగా ఆధారం ఉందా? బెంచీల మధ్య ఇరుకులో ఏం చేయించవచ్చు? ఎవరి విషయంలో జాగ్రత్తగా ఉండాలి?

జవాబు: మాస్టారూ, దయచేసి ఆపకండి. 45 నిమిషాల పీరియడ్‌లో రెండు నిమిషాలు తీసేస్తే 43 మిగులుతాయి. నిద్రమత్తులో గడిచిన 45 నిమిషాల కన్నా మెలకువగా విన్న 43 నిమిషాల్లోనే పిల్లలకు ఎక్కువ లెక్కలు వస్తాయి.

కిందటి నెల ఏడో తరగతి చదివే అమ్మాయిని మెడ నొప్పి అంటూ వాళ్ల అమ్మ తీసుకొచ్చింది. అప్పటికే తీయించిన ఎక్స్‌రేలో తేడా ఏమీ లేదు. ‘క్లాసులో ఎలా కూర్చుంటావో అలాగే కూర్చుని చూపించమ్మా’ అన్నాను. కుర్చీ అంచుకు జరిగి, ఎడమ మోచేయి నా బల్ల మీద ఆనించి, చెంపను అరచేతిలో పెట్టుకుని, మెడ ఒక పక్కకు వాల్చి, కుడిచేత్తో రాస్తున్నట్టు చూపించింది. పాదాలు నేలకు అందక గాలిలో ఉన్నాయి. కుర్చీ అంచు తొడల వెనక ఒత్తుకుంటోంది. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటావని అడిగితే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. బడి, బడి బస్సు, ట్యూషను, హోంవర్కు, ఆపైన టీవీ. మొత్తం 11 గంటలు తేలాయి. నొప్పికి కారణం ఆ 11 గంటల్లోనే ఉంది, మెడ ఎముకల్లో లేదు.

మన పిక్కల్లోని కండరాలు గుండెకు సాయం చేసే పంపు లాంటివి. అవి బిగిసి వదిలినప్పుడల్లా కాళ్లలోని రక్తం పైకి ఎక్కుతుంది. కదలకుండా ఉంటే ఆ పంపు ఆగిపోతుంది, రక్తం కాళ్లలో నిలబడిపోతుంది. ఉదయం ప్రార్థనలో ఎండకు నిటారుగా నిలబడి ఉన్న పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం మీరు చూసే ఉంటారు. అందులో చాలాసార్లు జరిగేది ఇదే. ‘అటెన్షన్’లో ఉన్నా, మడమలు నెమ్మదిగా పైకెత్తి దించుతూ ఉండమని వాళ్లకు నేర్పితే అలా పడిపోవడం తగ్గుతుంది.

భోజనం తరువాత వచ్చే మగతను బద్ధకమని తిట్టకండి. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య మెలకువ కొంత సడలడం మన శరీరంలోని గడియారం స్వభావమే. కడుపునిండా అన్నం తింటే అది ఇంకాస్త పెరుగుతుంది. పని చేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండా కూడా లాక్కోగలదు. అందుకే తిన్నాక నాలుగడుగులు వేయమని పెద్దలు చెప్పిన మాటలో పస ఉంది. విశాఖలో దీనికి ఉక్కపోత తోడవుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. లేచినప్పుడే ప్రతి ఒక్కరూ నాలుగు గుక్కలు నీళ్లు తాగాలి. బాత్రూముకు వెళ్తానన్నవాళ్లను పంపించాలి కూడా. ఆపుకోవడం అలవాటై మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో, మలబద్ధకంతో నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు తక్కువేమీ కాదు.

ఆధారం అడిగారు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది, పదేళ్ల పిల్లలను ఒక రోజు 20 నిమిషాలు నడిపించి, ఇంకో రోజు ఊరికే కూర్చోబెట్టి, రెండు రోజులూ పరీక్షలు పెట్టారు. నడిచిన రోజున ఏకాగ్రతా, చదివింది అర్థం చేసుకోవడమూ మెరుగ్గా ఉన్నాయని 2009లో ప్రచురించారు. ఫిన్లాండ్ బడుల్లో 45 నిమిషాల పాఠం తరువాత 15 నిమిషాల విరామం ఇవ్వడం ఆనవాయితీ. రెండు నిమిషాల కదలికతో మార్కులు అమాంతం పెరుగుతాయని నేను అనను. ఆ వెంటనే వచ్చే పావుగంటలో పిల్లల చూపు బోర్డు మీద నిలుస్తుంది. తరగతిలో మీకు కావలసిందీ అదే కదా.

అయితే ఇది ఆటకు బదులు కాదు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 11–17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి అంత శ్రమ లేదన్నది 2016 నాటి లెక్కల మీద ఆ సంస్థ వేసిన అంచనా. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఈ మాట అడగకుండా ఉండలేను. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆటల పీరియడ్‌ను రివిజన్‌కు తీసుకోకండి. ఆ పీరియడ్ పిల్లలది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. మన బడుల్లో పిల్లవాడి ఒళ్లు కదిలేది ఎప్పుడు? ఎక్కువగా శిక్ష పడినప్పుడే. గుంజీలు, గోడకుర్చీ, బెంచీ ఎక్కి నిలబడటం. నిజానికి గుంజీ తొడలకు చక్కని వ్యాయామం, గోడకుర్చీ కూడా అంతే. కానీ పదిమంది ముందు తప్పు చేసినవాడిగా నిలబడి చేసిన వ్యాయామం మనసులో అవమానంగానే మిగులుతుంది. వ్యాయామం అనగానే మొహం ముడుచుకునే పెద్దవాళ్లను అడిగి చూడండి, ఎంతోమంది ఏదో ఒక తరగతి గదిని గుర్తు చేసుకుంటారు. అందుకే మీరు లేపేటప్పుడు అందరూ ఒకేసారి లేవాలి, మీరూ వాళ్లతో పాటు చేయాలి. లెక్క తప్పినవాడిని విడిగా లేపవద్దు. అల్లరి చేశారని ఆ రెండు నిమిషాలను రద్దు చేయనూ వద్దు.

ఇరుకు పెద్ద అడ్డంకి కాదు. బెంచీ పక్కన నిలబడేంత చోటు చాలు. మడమలు ఎత్తి దించడం ఇరవై సార్లు. చేతులు బెంచీకి ఆనించకుండా కూర్చుని లేవడం పది సార్లు. వేళ్లు పెనవేసి అరచేతులు పైకప్పు వైపు చాపి, ఒళ్లు విరుచుకోవడం. భుజాలు వెనక్కి తిప్పడం. మెడను గుండ్రంగా తిప్పించకండి, ఎడమకూ కుడికీ నెమ్మదిగా తిప్పితే చాలు. చివర్లో కిటికీలోంచి దూరంగా కనిపించే కొండనో చెట్టునో కాసేపు చూడనివ్వండి. పుస్తకం మీద, బోర్డు మీద చూపు బిగించిన కళ్లకు అదే విశ్రాంతి. భోజనం అయిన వెంటనే గెంతులు మాత్రం వద్దు. పాఠాన్ని కూడా ఇందులో కలపవచ్చు. మీరు ఒక సంఖ్య చెప్పండి, అది మూడుతో శేషం లేకుండా భాగింపబడితే లేవాలి, కాకపోతే కూర్చోవాలి. ఇలాగైతే సిలబస్ గురించి ఎవరూ మాట్లాడలేరు. గోల సంగతికొస్తే, ఆఖరి ఐదు శ్వాసలు కళ్లు మూసుకుని నెమ్మదిగా తీయించండి. గది దానంతట అదే సద్దుమణుగుతుంది.

జాగ్రత్తలు. ఉబ్బసం ఉన్న పిల్లలు ఈ మాత్రం కదలికలు చేయవచ్చు, ఇన్‌హేలర్ సంచిలో ఉండాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లల్లో సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, పుట్టుకతో వచ్చే) జబ్బు ఉన్నవాళ్లు ఉండవచ్చు. వాళ్లకు నీళ్లు తగ్గకూడదు, అలసిపోయేదాకా చేయించకూడదు. నెలసరి రోజుల్లో చేయాలా వద్దా అన్నది అమ్మాయిల ఇష్టానికి వదిలేయండి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడు చేతులతో, భుజాలతో చేస్తాడు, అతన్ని పక్కన కూర్చోబెట్టి చూడమనకండి. పరుగెత్తుతుంటే స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా గుండె డాక్టరు చూసేదాకా ఏ శ్రమా వద్దు. రాత్రి నిద్ర లేపేంత నడుము నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, కాలు తిమ్మిరి ఉంటే బెంచీ వల్లేనని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి పంపండి.

కదిలించినా మళ్లీ పది నిమిషాలకే తూగే పిల్లల పేర్లు రాసి పెట్టుకోండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో, గురక పెడుతున్నారేమో తల్లిదండ్రులను అడగండి. అమ్మాయిలైతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమనండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రను పారేయకుండా మింగుతున్నారో లేదో కూడా ఒక కంట కనిపెట్టండి.

పాదాలు నేలకు అందని పిల్లలు మీ తరగతిలోనూ ఉంటే కాళ్ల కింద ఒక చెక్క పలక వేయించండి. ఆ ఏడో తరగతి అమ్మాయికి నేను నొప్పి మాత్రలు రాయలేదు. చీటీ మీద రెండే రాసి, వాళ్ల క్లాస్ టీచరుకు చూపించమన్నాను: కాళ్ల కింద పలక ఒకటి, ప్రతి పీరియడ్‌లో ఒకసారి లేచి నిలబడటానికి అనుమతి.