బంతి నొక్కితే చాలునా?

ప్రశ్న: పక్షవాతం వచ్చిన మా నాన్నగారికి ఆరు వారాలుగా ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు తిరిగి స్వయంగా చేసుకునేలా ఇచ్చే శిక్షణ) చేయిస్తున్నాము. బంతి నొక్కిస్తున్నారు గాని చేయి పనికి రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: బంతి నొక్కడం వల్ల పిడికిలి బలం కొంత పెరగవచ్చు గాని, అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం వంటివి ఆ పనులనే పదేపదే చేయడం వల్ల వస్తాయి, మెదడు తిరిగి నేర్చుకునే తీరు అటువంటిది. కనుక ఏ పని స్వయంగా చేసుకోవాలని ఉందో ఆయననే అడిగి, థెరపిస్టుతో మాట్లాడి దానినే లక్ష్యంగా పెట్టించండి. నిండు చెంబు ఎత్తలేనివారికి ఖాళీ గ్లాసుతో మొదలుపెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఇంట్లో మీరే ప్రేమతో తినిపిస్తున్నట్లయితే (మన ఇళ్లలో ఇది మామూలే) ఆ చేతికి సాధన దొరకదు. లేపేటప్పుడు మాత్రం బలహీనమైన చేతిని పట్టి లాగకండి. భుజానికి హాని కలుగుతుంది.