కొత్తగూడెం ఎండల్లో పెరిగినవాళ్ళం ఎడ్మంటన్ చలికి తట్టుకోగలమా?

మీ ఆయనకు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చిందనీ, జనవరిలో కొత్తగూడెం నుంచి బయల్దేరుతున్నారనీ, మైనస్ 30 చలికి నాలుగేళ్ళ పాప ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. జాకెట్లు ఇండియాలోనే కొనుక్కుని రావాలా అని కూడా అడిగారు. మాది పల్నాడు, రెంటచింతల పక్క ఊరు. మే నెలలో 45 డిగ్రీలు మామూలుగా చూసే చోట పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక ఎడ్మంటన్ వచ్చాను. మా పిల్లలిద్దరూ ఇక్కడే పెరుగుతున్నారు. అందుకే ధైర్యంగా చెప్తున్నాను, తట్టుకుంటారు. పాప మీకంటే ముందే అలవాటు పడుతుంది. మీరు రాసినదాంట్లో నన్ను ఆలోచనలో పడేసింది మైనస్ 30 కాదు, "నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి నాకు ఫర్వాలేదు" అన్న మాట. దాని గురించి తర్వాత వివరంగా చెప్తాను. ముందు మీరు అడిగినవి.

పెద్ద జాకెట్లు ఇండియాలో కొనకండి. మన దగ్గర దొరికేవి మనాలి వెళ్ళి రావడానికి బాగానే ఉంటాయి గానీ ఇక్కడి జనవరికి ఆనవు. పెట్టెలో సగం జాగా అవే తినేస్తాయి, ఇక్కడికొచ్చాక మళ్ళీ ఎలాగూ కొనాలి. ముగ్గురికీ తలా ఒక మామూలు జాకెట్, టోపీ, గ్లౌజులు, మందపాటి సాక్సులు మాత్రం చేతి సామానులో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి కారు దాకా అవి చాలు. మిగతావి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో కొనుక్కోవచ్చు. జనవరిలో చలికాలం బట్టల మీద తగ్గింపులు కూడా నడుస్తుంటాయి. పాపకైతే సెకండ్ హ్యాండ్ షాపుల్లో చూడండి. పిల్లలు ఏడాదికో సైజు పెరిగిపోతారు కాబట్టి దాదాపు కొత్తవిలా ఉండే స్నో ప్యాంట్లు, బూట్లు అక్కడ చవగ్గా దొరుకుతాయి. ఇక్కడివాళ్ళు కూడా అలాగే కొంటారు, నామోషీ ఏమీ లేదు.

మనకు కాటన్ అంటే ప్రాణం కదా, చలిలో మాత్రం ఒంటికి ఆనుకుని కాటన్ ఉండకూడదు. చెమట పీల్చుకుని ఆ తడిని అలాగే పట్టుకుంటుంది, బయట నిలబడగానే వీపు చల్లబడి వణుకు మొదలవుతుంది. లోపల పాలిస్టర్‌వో మెరినో ఉన్నివో థర్మల్స్, వాటిమీద ఫ్లీస్ గానీ స్వెట్టర్ గానీ, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్. ఇలా పొరలుగా వేసుకుంటే షాపులోకో బస్సులోకో వెళ్ళినప్పుడు ఒకటి తీసేయొచ్చు. లోపల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ సౌకర్యం చాలా అవసరం.

డబ్బులు ఎక్కడైనా తగ్గించండి, బూట్ల దగ్గర మాత్రం తగ్గించొద్దు. ఎంత చలి వరకు పనికొస్తాయో చాలా బూట్ల లేబుల్ మీద రాసి ఉంటుంది, మైనస్ 30 గానీ అంతకంటే ఎక్కువ చలికి గానీ తట్టుకునేవి చూడండి. మందపాటి సాక్సు వేసుకున్నాక కూడా వేళ్ళు ఆడేంత వదులుండాలి. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడక కాళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజుల కంటే, నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ వెచ్చగా ఉంటాయి.

ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉష్ణోగ్రతతో పాటు విండ్ చిల్ కూడా చూడటం అలవాటు చేసుకోండి. గాలి వీస్తే ఒంటికి ఎంత చలిగా తగులుతుందో చెప్పే లెక్క అది. విండ్ చిల్ మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. చెవులు, ముక్కు, బుగ్గలు, వేళ్ళ కొసలు ముందు దెబ్బతింటాయి. పాప బుగ్గ మీద తెల్లగా మైనంలా మచ్చ కనబడి, అక్కడ స్పర్శ లేదంటే వెంటనే లోపలికి తీసుకెళ్ళండి. మనకు అలవాటైన పని అరచేతులతో గట్టిగా రుద్దడం. అది అస్సలు చేయొద్దు, గడ్డకట్టిన చర్మం ఇంకా దెబ్బతింటుంది. మీ అరచేయి ఊరికే ఆనించి ఉంచండి, వేళ్ళయితే గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇలా చెప్పానని పాపను కట్టేసి ఉంచొద్దు. ఇక్కడ స్కూళ్ళలో మరీ చలిగా ఉన్న రోజున తప్ప పిల్లల్ని మధ్యలో బయట ఆడుకోడానికి పంపుతారు. సరిగ్గా బట్టలేస్తే వాళ్ళు మంచులో దొర్లుతూనే ఉంటారు, మనమే గుమ్మంలో నిలబడి వణుకుతాం. బట్టలు వేయడానికి ఒక వరస ఉంది. ముందు బాత్రూమ్‌కి పంపండి. తర్వాత స్నో ప్యాంట్లు, ఆ తర్వాత బూట్లు, జాకెట్, మెడకు గొట్టంలా ఉండే నెక్ వార్మర్, టోపీ, ఆఖరున మిటెన్స్. మిటెన్స్ ముందేస్తే పిల్లలు జిప్పు లాక్కోలేరు. జాకెట్ ముందేస్తే వంగి బూట్లు వేసుకోలేరు. స్కార్ఫ్ వద్దు, జారుడుబల్ల దగ్గర ఇరుక్కుని మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. మిటెన్స్ ఎప్పుడూ రెండు జతలు పంపండి, తడిసినవి మధ్యాహ్నానికి ఆరవు. అన్నిటి మీదా పేరు రాయండి.

కారు సీటు విషయంలో చాలా జాగ్రత్త. దళసరి జాకెట్ మీద బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు జాకెట్‌లోని గాలి అణిగిపోయి బెల్టు వదులవుతుంది, పిల్లలు జారిపోతారు. జాకెట్ విప్పి, బెల్టు బిగించి, పైనుంచి దుప్పటి కప్పండి. కారును ముందే వెచ్చబెడితే విప్పడానికి ఏడవరు. కానీ గరాజ్ లోపల ఇంజన్ ఆన్‌చేసి ఉంచొద్దు, తలుపు తీసి ఉన్నా సరే. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. కార్ల ముందు వేలాడే ప్లగ్గు చూసి మీరు ఆశ్చర్యపోతారు. అది బ్లాక్ హీటర్‌ది. బాగా చలి రాత్రుల్లో కరెంటుకు తగిలిస్తే ఇంజన్ వెచ్చగా ఉండి పొద్దున స్టార్ట్ అవుతుంది.

ఇంటి లోపల చలి గురించి బెంగ పెట్టుకోకండి. 20, 21 డిగ్రీలు ఉంటుంది. అయితే మనకు 21 కూడా కొత్తే, కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టి ఉంటుంది. దోసెల పిండి గట్టు మీద పెడితే పొంగదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి, తెల్లారేసరికి పులుస్తుంది. నిజమైన ఇబ్బంది పొడిగాలి. పెదాలు పగులుతాయి, పాపకు ముక్కులోంచి రక్తం రావచ్చు. గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ కొనండి, స్నానం చేయించిన వెంటనే తడి ఆరకముందే క్రీము రాయండి. అలాగని తేమ ఎక్కువ చేయకూడదు. మన వంటల ఆవిరి అంతా చల్లటి కిటికీ అద్దం మీద నీరై, కిందికి కారి, బాగా చలిరోజుల్లో కిటికీ అంచున మంచుగడ్డలా పేరుకుంటుంది. తర్వాత కరిగి చెక్క నాని బూజు పడుతుంది. అన్నం వార్చేటప్పుడూ, పులుసు మరిగేటప్పుడూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, పొద్దున్నే కిటికీ అంచులు గుడ్డతో తుడవండి.

అంత చలిలో కరెంటు పోతే ఎలా అన్నది మీరు అడగలేదు గానీ అందరికీ వచ్చే భయమే. ఇళ్ళను వెచ్చబెట్టే ఫర్నేస్‌లు ఎక్కువగా గ్యాస్‌తో నడుస్తాయి, ఆ వేడిగాలిని ఇంట్లోకి తోయడానికి మాత్రం కరెంటు కావాలి. 2024 జనవరి 13 సాయంత్రం, మైనస్ 40 దరిదాపుల్లో చలి ఉన్నప్పుడు, ఎడ్మంటన్ ఉన్న అల్బర్టా రాష్ట్రంలో కరెంటు చాలక జనం ఫోన్లకు ఎమర్జెన్సీ అలర్ట్ వచ్చింది. అవసరం లేనివన్నీ ఆపమన్నారు. నిమిషాల్లో వాడకం తగ్గింది, కోతల అవసరం రాలేదు. దుప్పట్లు, టార్చి, పవర్ బ్యాంకు ఇంట్లో ఉంచుకోండి. అంతకు మించి భయపడక్కర్లేదు.

ఇప్పుడు మీ సంగతి. ఇక్కడ చలికాలం ఎక్కువగా బాధపెట్టేది ఆఫీసుకు వెళ్ళేవాళ్ళను కాదు, ఇంట్లో ఉండిపోయేవాళ్ళను. మీ ఆయన ఇష్టమున్నా లేకపోయినా పొద్దున్నే లేచి, బట్టలేసుకుని, నలుగురి మధ్యకు వెళ్తారు. మీకు ఆ బలవంతం ఉండదు. డిసెంబర్ ఆఖర్లో పగలు ఏడున్నర గంటలే. పొద్దున తొమ్మిది కావస్తుంటే తెల్లారుతుంది, సాయంత్రం నాలుగున్నరకు ముందే పొద్దుగూకుతుంది. మీరొచ్చేసరికి పగలు పెరగడం మొదలవుతుంది గానీ జనవరి మొదట్లో తేడా పెద్దగా తెలియదు. ఎండలో ఉన్నా సూర్యుడు బాగా కిందుగా ఉండటం వల్ల ఒంటికి విటమిన్ డి దాదాపు అందదు. డాక్టర్‌ని అడిగి ముగ్గురూ వేసుకోండి. అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు పలకరించే ఊళ్ళో పెరిగిన మనకు, రోజంతా పక్కింటి మనిషి ముఖం కనబడకపోవడం చాలా కష్టం. ఆకలి ఎక్కువవడం, అస్తమానం నిద్రమత్తు, చిన్నదానికే ఏడుపు రావడం చలికాలంలో చాలామందికి వస్తాయి. దాన్ని బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, దీనికి వైద్యం ఉంది.

నాకు పనిచేసింది ఒకటే, రోజూ మధ్యాహ్నం వెలుగున్నప్పుడు కాసేపు బయటికి వెళ్ళడం. మైనస్ 15 వరకైతే ఎండ కాస్తుంటే హాయిగా నడవొచ్చు. ఇక్కడి చలి పొడిచలి, బట్టల్లోకి ఇంకదు. నేల మీద గాజులా మెరిసే మంచుగడ్డ ఉంటే పాదం మొత్తం ఆనిస్తూ చిన్న చిన్న అడుగులు వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు. మరీ చలిగా ఉన్న రోజు లైబ్రరీకి వెళ్ళండి. ఎడ్మంటన్‌లో లైబ్రరీ కార్డు ఉచితం, చిన్నపిల్లలకు కథలు చెప్పే గంట ఉంటుంది. పాప ఆడుకుంటుంది, మీకు సాటి తల్లులు పరిచయమవుతారు. తెలుగువాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు, పండగలకు కలుస్తారు. వాళ్ళను వెతుక్కోండి గానీ వాళ్ళ దగ్గరే ఆగిపోకండి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళను కూడా పలకరించండి, చలి గురించి ఏం అడిగినా ఓపిగ్గా చెప్తారు.

కాబట్టి ఇల్లు వెతికేటప్పుడే మీ ఆయనకు ఈ మాట చెప్పండి. ఆయన ఆఫీసుకు దగ్గరగా ఉందా అన్నది రెండోది. మీరూ పాపా కారు లేకుండా నడిచి వెళ్ళగలిగే దూరంలో లైబ్రరీ, కిరాణా కొట్టు, బస్‌స్టాపో ఎల్‌ఆర్‌టీ (ఊళ్ళో తిరిగే రైలు) స్టేషనో ఉన్నాయా అన్నది మొదటిది. ఎండ పడే దక్షిణం వైపు కిటికీ ఉంటే ఇంకా మంచిది. అద్దెలో హీటింగ్ కలిసే ఉందా, పార్కింగ్ దగ్గర బ్లాక్ హీటర్‌కి ప్లగ్గు ఉందా అని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే అడగమనండి. విడిగా ఉండే ఇల్లో, రెండు ఇళ్ళు కలిసుండే డ్యూప్లెక్సో అద్దెకు తీసుకుంటే ముందున్న ఫుట్‌పాత్ మీద మంచు ఎవరు తీయాలో కూడా కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ అది తీయకపోతే నగరపాలక సంస్థ జరిమానా వేస్తుంది.