ఫ్రిజ్ వెనక వేడి పోతేనే లోపల చల్లదనం

క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) ఫ్రిజ్‌ల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా వ్యాన్‌లో ఎల్పీజీ, 12 వోల్టుల బ్యాటరీ, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచే ఫ్రిజ్ ఉంది. రాత్రిళ్లు బాగానే ఉంటుంది. ఎండెక్కాక మాత్రం లోపల 14, 15 డిగ్రీల కిందికి దిగదు. కూలింగ్ గ్యాస్ నింపించాలా, ఫ్రిజ్ మార్చేయాలా?

జవాబు: రెండూ వద్దండి. రాత్రి పనిచేస్తోందంటే యూనిట్ దాదాపుగా బాగున్నట్టే. వెనక వేడి బయటికి పోవడం లేదేమో ముందు చూడాలి. మీది కంప్రెసర్ లేని అబ్జార్ప్షన్ రకం. అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ పోసి వెల్డింగ్‌తో మూసేసిన గొట్టాలవి. మామూలు ఫ్రిజ్‌కి నింపినట్టు వాటిలో గ్యాస్ నింపడం కుదరదు. కింద మంటో హీటరో కాగబెడితే అమ్మోనియా ఆవిరై పైకెక్కి, రేకులున్న కండెన్సర్‌లో చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం మళ్లీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాగేస్తుంది. కండెన్సర్ చల్లబడకపోతే మిగతాదంతా కుంటుపడుతుంది.

ఇలాంటి ఫ్రిజ్ మామూలుగా చుట్టూ ఉన్న గాలికంటే 20 నుంచి 25 డిగ్రీలు తక్కువకు తేగలదు. దానికి చుట్టూ ఉన్న గాలి అంటే వెనక సందులో నిలిచిపోయిన గాలే. బయట 35 ఉన్నా సందులో 40 దాటితే, పాలకు కావలసిన 5 డిగ్రీలు ఎక్కణ్ణించి వస్తాయి?

వ్యాన్ గోడకున్న రెండు జాలీలూ ఊడదీసి టార్చి వేసి చూడండి. చల్లగాలి కింది జాలీలోంచి వచ్చి, కండెన్సర్ రేకుల మధ్యగా వెళ్లి, పై జాలీలోంచి పోవాలి. చాలా వ్యాన్లలో రేకులకీ బయటి గోడకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంటుంది. గాలి ఆ ఖాళీలోంచి జారిపోతుందే తప్ప రేకుల జోలికి రాదు. అక్కడ 1 మి.మీ. అల్యూమినియం రేకును గోడకు బిగించి, కండెన్సర్ రేకుల నుంచి 20, 25 మి.మీ. దూరం మిగిలేలా వంచండి. ఫ్రిజ్ నెత్తిన ఖాళీ ఉంటే వేడిగాలి అక్కడే గూడు కట్టుకుంటుంది. కండెన్సర్ పై అంచు నుంచి పై జాలీ పై అంచు దాకా ఏటవాలుగా ఇంకో రేకు పెట్టి, దాని వెనక రాక్‌వూల్ (మంటకు కాలని రాతి ఉన్ని) కూరండి. పొగ గొట్టం దగ్గర థర్మాకోల్, ఫోమ్ వాడకూడదు.

ఫ్యాన్ సంగతి ఆ తర్వాతే. 12 వోల్టుల 120 మి.మీ. కంప్యూటర్ ఫ్యాన్ చాలు, 0.2 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. రోజంతా తిరిగినా 5 ఆంపియర్ అవర్లకు మించదు. కండెన్సర్ కింద, గాలి పైకి కొట్టేలా బిగించండి. పై జాలీకి బిగిస్తే ఫ్యాన్ పక్కన మిగిలిన రంధ్రాలన్నీ మూయాలి. మూయకపోతే ఫ్యాన్ ఆ రంధ్రాల్లోంచే బయటిగాలి లాగి మళ్లీ బయటికే ఊదుతుంది. చప్పుడు వినిపిస్తుంది, చల్లదనం మాత్రం రాదు. కింది జాలీ దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకోండి, లోపలికి గుంజుకుంటే దారి సరిగ్గా ఉన్నట్టు. 45 డిగ్రీల దగ్గర కలిసే థర్మల్ స్విచ్‌ను కండెన్సర్ రేకుకు కట్టి, 1 ఆంపియర్ ఫ్యూజుతో కనెక్షన్ ఇస్తే ఫ్యాన్ అవసరమైనప్పుడే తిరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. ఫ్యాన్ గాలి బర్నర్ మంటకు తగలకూడదు. ఫ్రిజ్ వెనక భాగానికీ మీరు పడుకునే చోటుకీ మధ్య చీలిక ఏదీ మిగలకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

ఫ్రిజ్ లోపలి ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ కూడా చూడండి. ‘ఎన్’ అంటే చుట్టూ గాలి 32 డిగ్రీల వరకు ఉంటే పనిచేస్తుందని, ‘ఎస్‌టీ’ అంటే 38, ‘టీ’ అంటే 43. ‘ఎన్’ యంత్రం మండుటెండలో చేతులెత్తేస్తే తప్పు దానిది కాదు.

ప్రశ్న: అదే రకం ఫ్రిజ్ మాదీ. ప్రయాణంలో 12 వోల్టుల మీద పెడితే, దిగేసరికి లోపల వెచ్చబడి ఉంటుంది.

జవాబు: ఫ్రిజ్ నడుస్తుండగా దాని టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. ఆపేసి కొలిస్తే బ్యాటరీ వోల్టేజే కనిపించి మోసపోతారు. హీటర్ వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది కనుక 12కు బదులు 10.5 అందితే వేడి 23 శాతం తగ్గుతుంది. 14 ఆంపియర్ల హీటర్‌కు 5 మీటర్ల దూరం నుంచి 2.5 చ.మి.మీ. వైరు లాగితే రానూపోనూ వైరులోనే దాదాపు 1 వోల్టు పోతుంది. 10 చ.మి.మీ. అయితే పావు వోల్టే. బ్యాటరీ దగ్గర 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఇంజిన్ ఆగగానే తెగే రిలే లేకపోతే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఏడు గంటల్లో ఖాళీ. అన్నీ సరిచేసినా 12 వోల్టుల మీద ఉన్న చల్లదనం నిలబడుతుందే గానీ కొత్తగా రావడం కష్టం. బయల్దేరే ముందు రోజే కరెంటు మీదో ఎల్పీజీ మీదో చల్లబరిచి, చల్లటి సామానే పెట్టండి.

ప్రశ్న: మాది డాన్‌ఫాస్ బీడీ35 కంప్రెసర్ ఫ్రిజ్. బ్యాటరీ 12.4 చూపిస్తున్నా మాటిమాటికీ ఆగిపోతోంది. కంప్రెసర్‌ను నడిపే కంట్రోలర్‌కు ఎల్ఈడీ కలిపితే ఒక్కోసారి ఒక్కటే మెరుపు మెరుస్తోంది.

జవాబు: ఒక్క మెరుపు అంటే వోల్టేజీ తక్కువైందని కంట్రోలర్ ఫిర్యాదు. మామూలు సెట్టింగులో 10.4 దగ్గర ఆగి, 11.7 వస్తే గానీ మళ్లీ లేవదు. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో సన్నవైరు, తుప్పుపట్టిన ఫ్యూజు హోల్డరు వోల్టేజీని మింగేస్తున్నాయి. దీపాలతో కలపకుండా బ్యాటరీ నుంచి నేరుగా లైను లాగండి. గుర్తుంచుకోవడానికి తేలిక: 4 మీటర్ల దూరానికి 4 చ.మి.మీ., 6 మీటర్లకు 6. దీని కండెన్సర్‌కూ పై జవాబులో చెప్పిన గాలి దారి కావాలి, బీరువాలో బిగించి మూసేస్తే రోజంతా ఆగకుండా తిరిగి బ్యాటరీని తినేస్తుంది.

ప్రశ్న: ఎల్పీజీ మంట పసుపుపచ్చగా వస్తోంది. జెట్‌ను (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రపు ముక్కను) సూదితో పొడవచ్చా?

జవాబు: వద్దు. రంధ్రం కాస్త పెద్దదైనా మంట పాడవుతుంది. ఎల్పీజీ కట్టేసి, జెట్ విప్పి స్పిరిట్‌లో నానబెట్టి గాలికి ఆరనివ్వండి. పొగ గొట్టంలో మసి దులిపాకే మళ్లీ బిగించండి. సబ్బు నురగతో లీకు చూశాకే వెలిగించాలి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి.

ప్రశ్న: ఏటవాలు నేలమీద రాత్రంతా ఆపితే నష్టమా?

జవాబు: కంప్రెసర్ రకానికి పెద్దగా కాదు. అబ్జార్ప్షన్ రకానికి మాత్రం నష్టమే, పాత మోడళ్లు 3 డిగ్రీల వాలుకే మొరాయిస్తాయి. అందులో ద్రవం తిరిగిరావాల్సింది దాని బరువు మీదే. వాలులో అది మధ్యలో నిలిచిపోయి, కింద మంటతో కాగే బాయిలర్ ఎండిపోతుంది, తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం మాడి సన్నగొట్టాన్ని మూసేస్తుంది. నడుస్తున్న బండిలో కుదుపులకు ద్రవం కదులుతుంటుంది కనుక ఆ భయం తక్కువ. ఫ్రిజ్ లోపల మట్టపు గొట్టం పెట్టి, చక్రాల కింద దిమ్మెలతో సరిచేశాకే వెలిగించండి. అమ్మోనియా వాసన వచ్చినా, వెనక గొట్టాల మీద పసుపు మరకలు కనబడినా వెంటనే ఫ్రిజ్ ఆపి వ్యాన్ తలుపులు తెరవండి. ఆ దశలో కూలింగ్ యూనిట్ మొత్తం మార్చాల్సిందే.