పాత ఇనుముతో ఊరికి ఫ్రీజర్ బాక్సు కొన్నాం

ప్రశ్న: మాది కోనసీమలో చిన్న ఊరు. యువజన సంఘం తరఫున ఇంటింటా పాత పేపర్లు, ప్లాస్టిక్, ఇనుము పోగుచేసి, అమ్మిన డబ్బు ఊరి పనికి వాడదామనుకుంటున్నాం. గిట్టుబాటవుతుందా? ప్రభుత్వ అనుమతులేమైనా కావాలా?

గిట్టుబాటవుతుంది, కానీ మీరు రాసిన వరసలో కాదు. ఇప్పుడు ఊళ్ళో పేపరు తెప్పించుకునే ఇళ్ళెన్ని? వచ్చిన కాసినీ బజ్జీల బండికి పోతాయి. నీళ్ళ సీసాలు ఆటో నిండా తెచ్చినా ఆ ఆటో కిరాయికే సరి. డబ్బంతా ఇనుములో ఉంది. మాకు వచ్చినదాంట్లో సగానికి పైగా ఇనుమే, ఆ తర్వాత అట్టపెట్టెలు.

మాదీ గోదావరి ఒడ్డు ఊరే. ఏ ఇంట్లో చూసినా ఒకరు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. పెద్దవాళ్ళెవరైనా పోతే కొడుకు దిగేదాకా ఉంచాలి. ఫ్రీజర్ బాక్సు టౌను నుంచి అద్దెకు తేవాలి, వేసవిలో అదీ దొరకదు. సొంతంగా ఒకటి కొందామని చందా పుస్తకం పట్టుకుని బయల్దేరితే "మొన్నేగా చవితికి ఇచ్చాం" అన్నవాళ్ళే ఎక్కువ. అదే "అటక మీద అక్కర్లేని ఇనుముంటే ఇవ్వండి" అంటే మాత్రం లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి మరీ చూపించారు. వంద రూపాయల రసీదు రాయించుకోని మనిషి, వెయ్యి రూపాయల డీజిల్ ఇంజను బాడీ పట్టుకుపొమ్మన్నాడు. మన జనం సంగతి అంతే, జేబులోది ఇవ్వరు, దొడ్లోది ఇస్తారు.

ఒక మామ్మగారి ఇంటికెళ్ళాం. పశువుల పాక వెనక, మట్టలు తీస్తే, ఎడ్లబండి చక్రాలకి తొడిగే ఇనప పట్టాలు రెండు గోడకి ఆనించి ఉన్నాయి. తుప్పు పట్టినా లోపలి అంచు ఇంకా నున్నగా ఉంది. "మీ తాతగారి బండివి నాయనా. ఎడ్లే లేవు, ఇవెందుకు? రేపు నన్ను పెట్టేదీ ఆ పెట్టెలోనేగా, పట్టుకుపొండి" అని నవ్వేసింది. మోయలేక కుర్రాళ్ళు వాటిని కాలవ గట్టు మీద దొర్లించుకుంటూ బయల్దేరారు. గంట కొట్టినట్టు మోత, వెనకాల ఊళ్ళో పిల్లలంతా. లాకుల దగ్గర ఒకటి అదుపు తప్పి కాలవలోకి దిగి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. దాన్ని తాడేసి లాగితే దాంతోపాటు గుత్తులుగా ప్లాస్టిక్ గ్లాసులు. అవి 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. మా కాలవకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

కాటా దగ్గరికెళ్ళాక అసలు గొడవ. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, అక్కడ చెప్పింది ఒకటి. "ఆయ్, ఇదివరకట్లా కాదండి. జీఎస్టీ నంబరు లేనోళ్ళ కాడ ఇనుము కొంటే పన్ను మేమే కట్టుకోవాలండి" అన్నాడు కొట్టాయన. అందులో సగం నిజం. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీలో నమోదు కానివాళ్ళ దగ్గర లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే ఆ 18 శాతం కట్టాలి. రివర్స్ ఛార్జ్ అంటారు. ఆయన చెప్పని సగం ఏమిటంటే, అలా కట్టింది తర్వాత తన అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, దాన్నే క్రెడిట్ అంటారు. మా మేనల్లుడు రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాడు. వాడి చేత స్పీకర్లో ఈ ముక్కే చెప్పించాం. కొట్టాయన కాసేపు గొణిగి, కోసిన రేటులో సగం మళ్ళీ కలిపాడు.

అసలు నన్నడిగితే ఇంట్లో వాడిపడేసిన సామాను అమ్ముకోవడం వ్యాపారమే కాదు. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో, ఇంటి మనిషి పాత నగలు అమ్ముకుంటే అది వ్యాపారం కింద రాదని కేంద్ర ఆర్థిక శాఖే వివరణ ఇచ్చింది. నగకో న్యాయం, బండి పట్టాకో న్యాయమా? ఈ రూల్సు రాసేవాళ్ళ కళ్ళకి ఫ్యాక్టరీ కనిపిస్తుంది, కొట్టు కనిపిస్తుంది. ఊరి కుర్రాళ్ళ సంఘం ఆనదు.

ఇక మీరడిగిన అనుమతులు. ఇంటివాళ్ళు చేతికిచ్చిన సామాను తీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదని నా గట్టి నమ్మకం. బడి బెంచీలు, పంచాయతీ బోరు పైపులు మాత్రం ఎవరు ఇస్తామన్నా ముట్టుకోవద్దు. అవి ప్రభుత్వ ఆస్తి, పద్ధతి ప్రకారం వేలం వేయాలి. సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించండి, ఏడుగురుంటే చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉంటే ఊళ్ళో సగం నోళ్ళు మూతబడతాయి.

పంచాయతీ అనుమతి కన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. పొద్దున్నే చెత్త బండి తెచ్చే గ్రీన్ అంబాసిడర్‌తో మాట్లాడుకోండి. మా ఊళ్ళో ఆవిడే ఎదురొచ్చి "అట్టలూ సీసాలూ మీరే పట్టుకుపోతే నా బండిలోకి ఏం వస్తాది బాబూ? జీతం ఎప్పుడొస్తాదో తెలీదు" అంది. న్యాయమే కదా. ప్లాస్టిక్, సీసాలు ఆవిడకి, ఇనుము, అట్టలు మాకు అని పంచుకున్నాం. ఆ తర్వాత ఏ ఇంట్లో ఏ ఇనుముందో ఆవిడే వచ్చి చెప్పేది. (బీరు సీసాలు మాత్రం ఎటూ తేలలేదు. రామాలయానికైతే ఆ డబ్బు పెద్దలు ఒప్పుకోరు, ఫ్రీజర్ బాక్సుకి ఎవరూ నోరెత్తలేదు.)

పనిలో పని, ఒక ముచ్చట. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో, లైసెన్సు లేని చోట వందమందికి మించి జనం చేరితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలని, చెత్త అక్కడే వేరు చేయాలని రాశారు. మన వైపు పెళ్ళికి ముందురోజు టిఫినుకే వందమంది ఉంటారు. ఎవరైనా తెలిపారేమో చెప్పండి, దండేసి వస్తాను.

ఇన్వర్టర్ బ్యాటరీలు, పాత టీవీలు ఇస్తామంటారు, ఆశపడొద్దు. బ్యాటరీలకు 2022 నిబంధనలున్నాయి, ఎలక్ట్రానిక్ చెత్తకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తవి అమల్లోకొచ్చాయి. రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. రూలు మాట పక్కన పెట్టినా, తుక్కు కొట్టు వెనక బ్యాటరీ పగలగొట్టి యాసిడ్ పంట కాలవలో పారబోయడం నేను కళ్ళారా చూశాను. ఆ నీళ్ళే కింద చేలకెళ్ళేది. బ్యాటరీ అయితే కొత్తది కొనే షాపులోనే ఎక్స్ఛేంజికి ఇచ్చేయమని ఇంటివాళ్ళకే చెప్పండి.

కాటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూసుకున్నాకే సామాను ఎక్కించండి. ఏ ఇల్లు ఎంత బరువిచ్చిందో పుస్తకంలో రాసి రామాలయం అరుగు మీద పెట్టండి, చదివి చూసుకున్నవాళ్ళు ఇంకో విడత ఇస్తారు. బాక్సు కొన్నాం, పంచాయతీ పక్క గదిలో పెట్టాం. ఆ గదికి మీటరు ఎవరి పేరున తీసుకోవాలన్నది ఇంకా తేలలేదు. దానికి ఏ రూలుందో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.