కానిస్టేబుల్ ‘రేపు రండి’ అంటే ఏం చేయాలి?

బైకు పోయిందని రాత్రి స్టేషన్‌కు వెళ్తే, ‘ఎస్సై గారు లేరు, రేపు రండి’ అని కానిస్టేబుల్ మీ నాన్నగారిని పంపించేశారని రాశారు. అసలు ఆయనకు ఏ అధికారం ఉందని అడిగారు.

కానిస్టేబుల్ అంటే లాటిన్‌లో ‘గుర్రపుశాల అధిపతి’ అనే పెద్ద పదవి. ఆ మాటే మన పోలీసు శాఖలో మొదటి మెట్టుకు పేరైంది. సెంట్రీగా నిలబడటం, గస్తీ తిరగడం, సమన్లు అందించడం వారి పనే. కళ్లెదుట తీవ్రమైన నేరం జరిగితే వారెంటు లేకుండా అరెస్టు కూడా చేయగలరు. కానీ ఎఫ్‌ఐఆర్ నమోదు స్టేషన్ బాధ్యుడి పని. ఆయన లేనప్పుడు అక్కడున్న వారిలో కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్నవారు, అంటే ఏఎస్సై గానీ హెడ్ కానిస్టేబుల్ గానీ, ఆ బాధ్యత తీసుకోవాలి. ఎస్సై లేకపోవడం కారణమే కాదు. పెద్దాయనను అలా తిప్పి పంపడం నాకు బాధ కలిగించింది.

రేపు ఆర్‌సీ నకలుతో, ఛాసిస్ నంబరు రాసిన ఫిర్యాదుతో వెళ్లండి. ‘ఇప్పుడు ఇన్‌ఛార్జి ఎవరండీ?’ అని మర్యాదగా అడగండి. అప్పటికీ తీసుకోకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధానాల చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. నమోదయ్యాక ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, తప్పక తీసుకోండి. బీమా కంపెనీ మొదట అడిగేది అదే.