సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం కలిపి చదవవచ్చా?

ప్రశ్న: డిగ్రీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం చదివాను. పీజీలో సమాజశాస్త్రంతో పాటు తత్త్వశాస్త్రం కూడా చదవాలని ఉంది. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ లోతుగా రాదని, ఉద్యోగానికీ పనికిరాదని ఇంట్లో అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చదువు వరకైతే మీ ఇంట్లోవారి భయానికి ఆధారం లేదు. ఫ్రాన్సులో సమాజశాస్త్రానికి విశ్వవిద్యాలయ స్థాయి తెచ్చిన ఎమిల్ దుర్ఖైమ్ చదివింది తత్త్వశాస్త్రమే. 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో చేరేవరకు పాఠశాలల్లో బోధించిందీ అదే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ డాక్టర్ అంబేద్కర్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రధానంగా ఆర్థికశాస్త్రం చదువుతూనే తత్త్వవేత్త జాన్ డ్యూయీ పాఠాలు విన్న ఆయన, 1916 మే నెలలో అక్కడి మానవశాస్త్ర సెమినార్‌లో భారతదేశంలోని కులాల మీద ఒక పత్రం సమర్పించారు. అందులో, కులం గురించి అంతకుముందు రాసిన సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ అనే పండితులు దానికి ఇచ్చిన నిర్వచనాలను ముందుగా పరీక్షకు పెట్టారు. మైల అనే భావన పౌరోహిత్యంతో ముడిపడి వచ్చిందే తప్ప కులానికి మూలలక్షణం కాదని పక్కన పెట్టి, కులం లోపలే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటే దాని ప్రాణమని తేల్చారు. ఇలా మూలాన్నీ పర్యవసానాన్నీ వేరు చేయడం తత్త్వశాస్త్రం నేర్పే విద్య. ఆ తర్వాతే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును నిలబెట్టడానికి ఎలా ఉపయోగపడ్డాయో వివరించారు. ఇది సమాజశాస్త్రం పని. మొదటిది లేకపోతే రెండవది ఆచారాల జాబితాగా మిగిలిపోయేది.

ఇక ఏర్పాటు సంగతి. ఒకేకాలంలో రెండు డిగ్రీలు చేయడానికి యూజీసీ 2022లో వీలు కల్పించింది కాబట్టి, ఒకటి రెగ్యులర్‌గా, మరొకటి దూరవిద్యలో చేయవచ్చు. అయినా నేను ఆ దారి సూచించను. రెండు చోట్లా పరీక్షలకు పరుగెత్తడంలోనే తీరిగ్గా చదివే సమయం పోతుంది. మీకు ఇప్పటికే పునాది ఉన్న సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేరి, తత్త్వశాస్త్ర శాఖ ఇచ్చే ఎలక్టివ్‌లను (మన ఇష్టంతో ఎంచుకునే పేపర్లను) తీసుకోవడం మేలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రెండు శాఖలూ ఉన్నాయి, కానీ వేర్వేరు స్కూళ్ల (శాఖల సమూహాల) కింద. కనుక చేరేముందే టైమ్‌టేబుళ్లు కలుస్తాయో లేదో కనుక్కోండి.

ఉద్యోగం విషయంలో ఇంట్లోవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. అధ్యాపక పోస్టులకు ఏ సబ్జెక్టులో పీజీ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) ఉన్నాయన్నదే చూస్తారు. రెండు తెలిసినందుకు అదనపు అర్హత ఏమీ రాదు. సివిల్స్ మెయిన్స్‌లో కూడా 2013 నుంచి ఆప్షనల్ ఒక్కటే. అందువల్ల సర్టిఫికెట్ మీద సమాజశాస్త్రం ఉండనివ్వండి. డిసర్టేషన్‌కు (పీజీలో రాసే పరిశోధన వ్యాసానికి) మాత్రం రెండూ అవసరమయ్యే అంశం ఎంచుకోండి. ఉదాహరణకు 'ప్రతిభ': ఆ మాటతో మనం దేన్ని కొలుస్తున్నామన్నది తత్త్వశాస్త్ర ప్రశ్న, విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల ఫీజులు కట్టగలిగిన ఇళ్లు ఏవన్నది సమాజశాస్త్ర ప్రశ్న. ఇలాంటి అంశానికి గైడ్‌గా ఉండటానికి ఒప్పుకునే అధ్యాపకులు ఎవరో మొదటి సెమిస్టర్‌లోనే అడిగి తెలుసుకోండి.